అరవై ఫోన్ల రహస్యం

"పాపయ్యగారూ, ఢిల్లీలో నేరస్థులకి నిద్రపట్టి ఏడాదైంది. సరిగ్గా నేను రిటైరై డిటెక్టివ్‌నైన రోజు నుంచి," అన్నాడు భరద్వాజ్, ఆర్.కె. పురంలో మా సోఫాలో కూర్చుని నా పకోడీలు తింటూ.

నేరస్థుల సంగతి నాకు తెలియదు. కిందటి నెల పోయిన చెప్పుల కోసం ఈయన మూడు రోజులు కాలనీ అంతా గాలిస్తే, ఆఖరికి అవి ఈయన కాళ్లకే దొరికాయి.

ఈసారి కేసు వేరు. తెలుగు పుస్తకాన్ని పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. వాలంటీర్లు కొందరు తీరిక దొరికినప్పుడు రాసి, ఊరికే పంచిపెడతారు. బేర్ సరాయ్‌లో గదిలో ఉండే కిరీటికి చూపు లేదు; సివిల్స్ చదువంతా దాని గొంతులోనే. నెల క్రితం అది అంకెల్ని మింగడం మొదలెట్టింది. ఏ అధికరణమో, ఏ సంవత్సరమో చెప్పదు. శుక్రవారం మెయిన్స్. ఇవాళ సోమవారం. దాన్ని దిద్దగల మైథిలి మూడు వారాలుగా చాట్ గ్రూపులో జాడ లేదు.

ఇదివరకు ఈ వాలంటీర్లూ, కిరీటిలాంటివాళ్లూ ఈమెయిల్‌లో రాసుకునేవారు. ఒక్క లైను కోడు రాయడం రాని భరద్వాజ్ మధ్యలో చేరి, "ఉత్తరాల కాలం పోయింది" అని పట్టుబట్టి అందర్నీ చాట్‌లోకి తోలాడు. ఇప్పుడక్కడ రోజుకి ఆరువందల సందేశాలు. గులాబీల శుభోదయాలు ఒక్కటే ప్రింటు తీసినా గాజీపూర్ చెత్తగుట్టకి తమ్ముడు పుడతాడు. పనికొచ్చే మాటలు రెండుంటాయి. అవి ఎవరికీ కనపడవు.

"ఆమె చివరి సందేశం చూడండి," అన్నాడు భరద్వాజ్ గొంతు తగ్గించి. "'ఇక్కడ నాకు కుదరదు.' చేతులు కట్టేసిన మనిషి రాసే మాట ఇది."

"చేతులు కట్టేస్తే ఎలా రాసిందయ్యా?"

"అదే మిస్టరీ."

మైథిలి ఉద్యోగం కంటోన్మెంట్‌లో అని గ్రూపులో ఎవరో చెప్పారు. ఆటోలో వెళ్లాం. గేటు దగ్గర గూళ్ల నిండా ఫోన్లు. భరద్వాజ్ లెక్కపెట్టి నా చెవిలో అన్నాడు: "ఒక్కరు కాదు పాపయ్యగారూ. అరవై మందిని ఎత్తుకుపోయారు."

డ్యూటీకొచ్చేవాళ్లు ఫోన్లు ఇక్కడ ఇచ్చి సాయంత్రం తీసుకెళ్తారని జవాను విసుక్కున్నాడు. "అంకుల్‌జీ, డ్యూటీవాలే సబ్ యహీ జమా కర్తే హై. శామ్ కో లే జాతే హై. ఆప్ కౌన్?"

"డిటెక్టివ్."

"అచ్ఛా. ఉధర్ సే నికలియే," అని రోడ్డు వైపు దారి చూపించాడు.

అట్నుంచి బేర్ సరాయ్‌లో కిరీటి గదికి వెళ్లాం. అరవై మంది అపహరణ గురించి భరద్వాజ్ అతనికి చెప్పాడు.

"అంకుల్, వాళ్లంతా సాయంత్రం ఇంటికెళ్లిపోతారు కదా," అన్నాడు కిరీటి.

భరద్వాజ్ అది వినిపించుకోలేదు. గ్రూపులో ప్రమాద హెచ్చరిక పెట్టే తొందరలో పాస్‌వర్డు మూడుసార్లు తప్పు కొట్టాడు. చాట్ బయటికి నెట్టేసి, కొత్త కోడ్ ఈమెయిల్‌కి పంపానంది.

"ఈమెయిల్ తెరిచి ఎన్నాళ్లయిందో. కాస్త చూసిపెట్టండి, కళ్లజోడు తేలేదు," అని ఫోన్ నాకిచ్చాడు.

కోడ్ కింద మైథిలి ఉత్తరాలు నాలుగున్నాయి. మొదటిది పైకి చదివాను.

"అందరికీ నమస్కారం. అంకెల తప్పు దొరికింది, దిద్దిన ఫైలు జతచేశాను. డ్యూటీలో నా దగ్గర ఫోన్ ఉండదు. ఇంటికొచ్చేసరికి చాట్‌లో ఏది ఎక్కడుందో వెతకలేను. ఏదైనా అడగాలంటే ఇక్కడే రాయండి, తెల్లవారి జవాబిస్తాను."

తేదీ చూస్తే మూడు వారాల కిందటిది. నాలుగో ఉత్తరంలో ఒకటే మాట: "ఎవరైనా చూశారా?"

ఒక్కరూ చూడలేదు.

కిరీటి ఫైలు ఎక్కించుకున్నాడు. కంప్యూటర్ గొంతు సవరించుకున్నట్టు ఒక్క క్షణం ఆగి, "అధికరణం మూడువందల యాభై ఆరు" అంది. వాడు ఆ లైను ఇంకోసారి చదివించాడు. తర్వాత మైథిలికి జవాబు టైపు చేశాడు: "చూశాను అక్కా. చదువుతోంది."

భరద్వాజ్ కాలుమీద కాలేశాడు. "కిరీటీ, నేను మొదట్నుంచీ ఈమెయిల్‌నే అనుమానించాను. నా పద్ధతి ఏమిటంటే..."

"అంకుల్, నెల రోజుల పాఠాలు మిగిలిపోయాయి," అని కిరీటి ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాడు. "మీ పద్ధతి నాకు మెయిల్ చేయండి."