పసుపు కారుకు పరామర్శలు

ఆ ఆదివారం కోసం జనార్ధన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున ఐదింటికి ఇంట్లోంచి బయటపడాలి. అబ్దుల్లాపూర్‌మెట్ అవతలున్న ప్రైవేటు రేసు ట్రాక్ మీద పది గంటలకు తన వంతు వస్తుంది, అరగంట సేపు కారును ఆపకుండా నడపాలి. మధ్యాహ్నం అన్నం వేళకు ఇల్లు చేరి, ఆ సంతోషంలో ధైర్యం చేసి భార్య శృతికి ఒక నిజం చెప్పాలి. ఇంటి ముందు నాలుగేళ్లుగా నిలబడిన పసుపు రంగు స్పోర్ట్స్ కారు సర్వీసింగుకు పోలేదు, అమ్ముడుపోయింది.

నలభై ఆరేళ్ల జనార్ధన్‌కు ఎల్బీనగర్ చౌరస్తా దగ్గర టైల్స్ దుకాణం ఉంది, దాని వెనక కాలనీలో సొంతిల్లు ఉంది. మోజుపడి కొన్న కారు మాత్రం ఏనాడూ అతనిది కాలేదు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి వనస్థలిపురం దాకా తెలిసినవాళ్లింట్లో ఎవరి పెళ్లయినా బరాత్‌కు ఆ కారే కావాలి. గంటకు రెండు వందల యాభై పోగల బండి టాపు తెరిచి, బంతిపూలు కప్పుకొని, వెనక పెళ్లిజంటను మోస్తూ, డీజే బండి వెంట ఒక మెట్రో పిల్లర్ నుంచి ఇంకో పిల్లర్‌కు పది నిమిషాల చొప్పున పాకేది. నడిపేది జనార్ధనే అయినా ఫొటోల్లో అతని మోచెయ్యి తప్ప ఏదీ పడేది కాదు. రెండు నెలల కింద ఎవరో పిలిస్తే ఆ ట్రాక్‌కు పోయి, ఒక డొక్కు కారులో పక్కన కూర్చుని ఒక్క చుట్టు తిరిగొచ్చాడు. తర్వాత వారం రోజులు దుకాణంలో కుదురుగా కూర్చోలేకపోయాడు. గోడ టైల్స్ అడిగినవాళ్లకు నేల టైల్స్ చూపించాడు.

ఆఖరికి స్పోర్ట్స్ కారును విజయవాడ డాక్టరొకాయనకు అమ్మేసి, అందులో పదో వంతు ధరకు ట్రాక్ మీద తిప్పే పాత చిన్న కారు కొన్నాడు. అందులో ఏసీ లేదు, పాటలు లేవు, డ్రైవరుది తప్ప ఇంకో సీటు లేదు. బరువని బంపరు పీకేశారు. బోల్తాపడినా తల పగలకుండా లోపలంతా ఇనప పైపులు వెల్డింగ్ చేశారు. పెళ్లికూతురు కూర్చోవడానికి చోటు లేకపోవడం జనార్ధన్‌కు అన్నిటికన్నా నచ్చింది. పాత కారు మీది మమకారం చావక దీనికీ అదే పసుపు రంగు వేయించాడు.

చిక్కల్లా ఒక్కటే. వచ్చే గురువారం శృతి తమ్ముడు అభిలాష్ పెళ్లి. బరాత్‌కు బావ కారు వస్తుందని ఆర్నెల్ల కిందే మాటైపోయింది. కొన్న డాక్టరేమో గురువారం దాకా ఆగనన్నాడు.

ట్రాక్ కారును మామూలు రోడ్డు మీద నడపకూడదు కాబట్టి, చెడిపోయిన బండ్లను ఎక్కించుకుపోయే రికవరీ బండి అంతయ్యను మాట్లాడుకున్నాడు. శృతితో "సర్వీసింగ్ నుంచి కారు తెస్త" అని చెప్పి అనుకున్న వేళకే బయటపడ్డాడు. దుకాణంలో దాచిన రేసు సామాను తీశాడు. నిప్పంటకుండా తలకూ ముఖానికీ తొడుక్కునే తెల్లటి ముసుగు, అందులోంచి కళ్లు మాత్రమే కనిపిస్తాయి. మెడ విరగకుండా చుట్టుకునే స్పాంజి పట్టీ. బాత్రూం సామాన్ల వైపున్న నిలువుటద్దంలో చూసుకున్నాడు. ఎంత నచ్చిందంటే, విప్పడానికి మనసొప్పక అట్లాగే అంతయ్య పక్కన ఎక్కాడు. చౌరస్తా దాటుతుండగా లైసెన్సు ఇంట్లో మరచిపోయిన సంగతి గుర్తొచ్చింది. అది లేనిదే ట్రాక్ లోపలికి రానివ్వరు.

"రెండు నిమిషాల పని అంతయ్యన్నా, జర ఇంటి దిక్కు తిప్పు" అన్నాడు.

ఎదురింటి భానుమూర్తి రిటైరైన మనిషి, తెనాలి వైపు నుంచి వచ్చి పాతికేళ్లయింది. ఆరు గంటలకు మొక్కలకు నీళ్లు పడుతున్నవాడు పైపు వదిలేసి పరుగెత్తుకొచ్చాడు.

"అయ్యయ్యో, జనార్ధన్ గారూ! ఎన్ని కుట్లు పడ్డాయండీ?"

జనార్ధన్‌కు అర్థమయ్యేలోపే భానుమూర్తి చూపు ముసుగు నుంచి మెడపట్టీకి, మెడపట్టీ నుంచి వెనకున్న కారుకు పోయింది.

"అంత పొడుగు కారు ఇంతయిందంటే ఎంత గట్టిగా గుద్దాడో దుర్మార్గుడు! లోపలి పైపులన్నీ బయటపడిపోయాయి చూడండి. లారీయేనా?"

ఆయన గొంతు పెద్దది. శృతి చేతిలో పాల ప్యాకెట్లతోనే బయటికొచ్చి కారును చూసింది, మొగుణ్ణి చూసింది, ప్యాకెట్లు జారవిడిచింది.

"ఏమైందయ్యా నీకు! కారు తెస్తనని పోయి గిట్ల ఒచ్చినవేంది!"

"ఏం కాలే శృతీ, ఇది..." అంటూ జనార్ధన్ ముసుగు తీయబోయాడు.

"తీయకండి!" అని అరిచాడు భానుమూర్తి. "రక్తం గడ్డకట్టి ఉంటుంది. డాక్టరే విప్పాలి."

శృతి అతని చేతులు పట్టుకుని ఏడ్చింది. "కారు పోతే పోనియ్యి. నువ్వు మిగిలినవ్, నాకు గదే చాలు. మా తమ్ముని బరాత్ ఆటోల పోయినా సరే, నిన్ను ఒక్క మాట అనను."

ఈ మాటలు ఆమెచేత ఎట్లా అనిపించాలా అని జనార్ధన్ వారం రోజులుగా బుర్ర బద్దలుకొట్టుకుంటున్నాడు. కొత్త అబద్ధం ఒక్కటైనా ఆడకముందే అవి వాటంతటవే వచ్చేశాయి. అతను చెయ్యి ముసుగు మీంచి దించి మెడపట్టీ మీద వేసి, "అబ్బా" అన్నాడు.

ఓ పావుగంట పడుకుని, ఇన్సూరెన్సువాళ్లకు కారు చూపించాలని చెప్పి జారుకోవచ్చనుకున్నాడు. అంతయ్యను చౌరస్తాలో ఉండమని సైగ చేశాడు. కానీ ఏడు గంటలకల్లా భానుమూర్తి కాలనీ వాట్సాప్ గ్రూపులో వార్త పెట్టాడు. పెద్ద అంబర్‌పేట్ దగ్గర లారీ గుద్దిందన్నది ఆయన రాసిందే. కారు మూడు పల్టీలు కొట్టిందని రెండో వీధివాళ్లు కలిపారు. ఏడున్నరకు మంచం చుట్టూ ఇరవైమంది చేరారు, బత్తాయిలు కుప్పపడ్డాయి. ఎవరేమడిగినా భానుమూర్తే జవాబు చెప్పాడు, పేషెంటు షాక్‌లో ఉన్నాడని. తలకు దెబ్బ తగిలినవాళ్లు ఫోను చూడకూడదని కూడా ఆయనే చెప్పడంతో శృతి ఫోను లాక్కుని బీరువాలో పెట్టింది.

అంతలో వనస్థలిపురం నుంచి అభిలాష్ తల్లి అండాలమ్మను బైకు మీద ఎక్కించుకుని వచ్చాడు. అండాలమ్మ అల్లుణ్ణి చూడగానే ఉప్పూ మిరపకాయలూ తెప్పించి దిష్టి తీసింది. తర్వాత మంచం పక్కన కూలబడి తల ముందుకు వంచింది.

"అల్లుడా, ఇంక జిందగీల స్టీరింగ్ ముట్టనని నా నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టెయ్."

"ఇప్పుడెందుకత్తమ్మా..."

"నేను బీపీ మనిషిని. నువ్వు ఒట్టేస్తేనే లేస్త, లేకుంటే గీడనే పాణం ఇడుస్త."

ఇరవైమందీ చూస్తున్నారు. ఆ ఒట్టు తప్పితే ఆవిడ ప్రాణానికే ముప్పని అక్కడున్న చిన్నపిల్లలక్కూడా తెలుసు. జరగని యాక్సిడెంటుకు వేసిన ఒట్టు చెల్లదులే అని తనకు తాను సర్దిచెప్పుకుని, జనార్ధన్ ఆవిడ నెత్తి మీద చెయ్యి పెట్టాడు.

"బావా, నువ్వు బరాత్ గురించి పరేషాన్ గాకు" అన్నాడు అభిలాష్. "నువ్వు పండుకో. నేను పోయి కారు సంగతి చూస్త."

"వద్దు! నేనే పోవాలె!" అని జనార్ధన్ మంచం మీంచి ఎగిరి లేచాడు. ఎనిమిది చేతులు అతన్ని తిరిగి పడుకోబెట్టాయి.

"తలకు తగిలితే ఇట్లాగే లేస్తారండీ" అని భానుమూర్తి అందరికీ వివరించాడు.

శృతి టీవీ కింద నుంచి లైసెన్సూ, దాంతోపాటున్న పసుపు కాగితమూ తెచ్చి తమ్ముడి చేతిలో పెట్టింది. "ఇన్సూరెన్సోళ్లు అన్నీ అడుగుతరు, తీస్కపో" అంది. ఆ పసుపు కాగితం ట్రాక్ ప్రవేశపత్రం. అభిలాష్ దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, చౌరస్తాలో ఆగిన రికవరీ బండి దగ్గరికి వెళ్లిపోయాడు.

ఎదుటి గోడ మీద గడియారం ఉంది. తొమ్మిదయింది, తొమ్మిదిన్నరయింది. పది గంటలు కొట్టేసరికి జనార్ధన్‌కు ఏడుపొచ్చింది, నటన కాదు, నిజంగానే వచ్చింది. రెండు నెలలుగా ఆ ఒక్క అరగంట కోసం బతికాడు. ముసుగు కళ్ల కింద తడిసింది. నొప్పి ఎక్కువైందేమోనని అందరూ జాలిపడి, ఇంకో గ్లాసు బత్తాయి రసం తాగించారు.

పదీ ముప్పావుకు శృతి ఫోను మోగింది. చేతులు బత్తాయి రసంతో జిగటగా ఉంటే స్పీకరు నొక్కింది.

"మేడం, జనార్ధన్ సార్ ఇంటికేనా? రేస్ ట్రాక్ నుంచి మాట్లాడుతున్నం. అర్జంటైతే మీకు చెయ్యమని సార్ ఫారంల నంబర్ రాసిండ్రు."

"ఏమైంది?"

"ఏం కాలే మేడం. సార్ బండి దిగుతలేరు. టైమైపోయింది, ఇంకొక్క రౌండు ఇంకొక్క రౌండు అంటుండ్రు. ఎనకోళ్లు లొల్లి చేస్తున్నరు. మస్తు నడుపుతుండ్రు, కాదంటలేం. కొత్తోళ్లల్ల ఇయ్యాల సారే ఫస్ట్. గని జర మీరు చెప్పి దింపుండ్రి."

ఇరవై తలలు మంచం వైపు తిరిగాయి. మంచం మీది సారు కళ్లు మూసుకున్నాడు.

"ఏ కారు నడుపుతుండు?" అని శృతి చాలా నెమ్మదిగా అడిగింది.

"పసుపుదే మేడం. పెద్ద కారు అమ్మేసి కొన్నరంట గద."

శృతి ఫోను పెట్టేసి, చేతులు కడుక్కుని వచ్చి మంచం ముందు నిలబడింది. "మీరు జర ఆ కట్టు విప్పుండ్రి" అంది. పదహారేళ్ల కాపురంలో ఆమె అతన్ని 'మీరు' అనడం అది మూడోసారి. ముసుగు ఒక్క లాగులో ఊడొచ్చింది. కింద చిన్న గీత కూడా లేదు, దువ్విన తల దువ్వినట్టే ఉంది. జనార్ధన్ కారు అమ్మిన దగ్గర్నుంచి లైసెన్సు మరచిపోయిన దాకా అంతా చెప్పేశాడు.

అందరికన్నా ఎక్కువ నొచ్చుకున్నది భానుమూర్తి. "మరి లారీ?" అన్నాడు.

"లారీ లేదు సార్."

"పెద్ద అంబర్‌పేట్ దగ్గర లేదా? నేను గ్రూపులో పెట్టేశానే!" ఆయన తను తెచ్చిన కొబ్బరిబోండాం తీసుకుని, అక్కడే నిలబడి తనే తాగేసి వెళ్లిపోయాడు. అండాలమ్మ తప్ప మిగతావాళ్లు కూడా వెళ్లిపోయారు. బత్తాయిలు మాత్రం ఎవరివి ఎన్నో తేలక ఉండిపోయాయి.

పన్నెండున్నరకు అభిలాష్ వచ్చాడు. హెల్మెట్ పెట్టీ పెట్టీ జుట్టు అణిగిపోయింది, ముఖం వెలిగిపోతోంది. జనార్ధన్‌ను గట్టిగా కావలించుకున్నాడు.

"బావా! 'సేటు పంపిండు గద, ఎక్కు' అని అంతయ్యన్న సీదా ట్రాక్‌కు తీస్కపోయిండు. నాకప్పుడు సమజైంది. పెండ్లికి గింత పెద్ద గిఫ్టా! ఊకె ఇస్తే మజా ఉండదని, కట్టు కట్టుకొని యాక్టింగ్ చేసినవ్ గద నా కోసం! కారు అమ్ముకున్నవ్ గద! ఏ బావ చేస్తడు గిట్ల?" అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. "నాకు బరాత్ ఒద్దు, గిరాత్ ఒద్దు బావా. గా బండి చాలు."

"లైసెన్స్ మీద ఫొటో చూడలేదా ఆళ్లు?" అని మాత్రం అడగగలిగాడు జనార్ధన్.

"చూసిండ్రు. లైసెన్స్ ఫొటోల ఎవరైనా ఒక్క తీర్గనే ఉంటరన్నరు."

జనార్ధన్ నోరు తెరవబోతూ శృతి వైపు చూశాడు. ఆమె బత్తాయి ఒలుస్తూ తలెత్తకుండానే అంది. "అవ్ తమ్మీ. మీ బావకు నువ్వంటే పాణం. పెండ్లికి అదే కట్నం అనుకో."

అభిలాష్ చేతులు కడుక్కోవడానికి పోగానే జనార్ధన్ అత్తగారి దగ్గర చేరాడు. "అత్తమ్మా, బండి వానిదే కానియ్యి. వారానికి ఒక్క చుట్టు నన్ను తిప్పుకోనియ్యి. అసలు యాక్సిడెంటే కాలే, ఇంక ఒట్టేడిది?"

అండాలమ్మ తన నెత్తి తడుముకుంది. "యాక్సిడెంట్ అబద్ధమే అల్లుడా. నువ్వు నా నెత్తి మీద చెయ్యి పెట్టింది నిజమా కాదా?"



గురువారం బరాత్ పూలు కట్టిన ఆటోలో జరిగింది. అభిలాష్‌కు ఫొటోల మీద ధ్యాసే లేదు, మలుపులో బ్రేకు ఎక్కడ తొక్కాలో పెళ్లికూతురు జ్యోతికకు చెబుతూ కూర్చున్నాడు. జనార్ధన్ ఇప్పుడు దుకాణానికి స్కూటీ మీద వెళ్తున్నాడు. దానికి ఉన్నది స్టీరింగ్ కాదని పరీక్షగా చూశాకే అండాలమ్మ ఒప్పుకుంది. ప్రతి ఆదివారం అంతయ్య పక్కన కూర్చుని ట్రాక్‌కు పోయి, టైర్లలో గాలి చూసి, అద్దం తుడిచి, బామ్మర్ది ఎన్ని సెకన్లలో చుట్టు తిరిగాడో రాసిపెడతాడు. ఒక ఆదివారం ఎవరూ లేనప్పుడు ఆ సీట్లో కూర్చుని, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కాసేపు ముందుకు చూశాడు. మనసు చాలా పీకింది, కానీ చెయ్యి ఎత్తలేదు.

అండాలమ్మకు ఆనాటి నుంచి తలనొప్పి కూడా రాలేదు.