ఎనభై ఏడు పేజీల మేలు

కొత్తవారికి దారి చూపే గైడ్‌ను మించిన మేలు ఈ కాలంలో ఇంకొకటి లేదు. నవ్వకండి. నిరూపిస్తాను.

యజమాని లేని సోషల్ మీడియా ఒకటి వచ్చింది. వేల సర్వర్లు. ఎవరి సర్వర్ వారిది. ఒకదాంట్లో చేరితే చాలు, మిగతావాటిలోని వాళ్లతోనూ మాట్లాడవచ్చు. ఎందులో చేరాలి? అందుకో గైడ్. అది అర్థం కావడానికి ఇంకో గైడ్. రెండింట్లో ఏది ముందు చదవాలో చెప్పే గైడ్ కూడా ఉంది! నా పెళ్లప్పుడు ఎవరైనా ఇంత శ్రద్ధ చూపారా? కాపురం ఎలా చేయాలో ఒక్క పేజీ రాసిచ్చారా?

ఇలాంటి గైడ్‌లు రాయడంలో మా అమ్మాయి పేరు మోసిన మనిషి. ముక్కూ మొహం తెలియనివాళ్లు కూడా ఆమెకు దండాలు పెడుతుంటారు. ఉండేది నా పక్క గదిలోనే.

నా భార్య దర్జీ. పోయి ఏడాది దాటింది. కుట్టుపనివాళ్ల సర్వర్ ఒకదాంట్లో మూడు వందల పోస్టులు రాసింది. ఆ సర్వర్‌ను నెలాఖరుకు మూసేస్తున్నారని ఒకటో తారీఖున తెలిసింది. ఆవిడ పాస్‌వర్డ్ మిషన్ సొరుగులో చీటీ మీద ఉంది. రాసినవి దింపుకోవాలి, అంతే. అమ్మాయి తలుపు తట్టాను.

"మీ అమ్మ రాసినవన్నీ నాకు కావాలి. ఒకసారి వచ్చి కూర్చోవే."

"గైడ్ పంపిస్తున్నా నాన్నా, చూసుకో. చిన్నపిల్లలకి కూడా అర్థమవుద్ది."

ఫోన్ టింగుమంది. ఎనభై ఏడు పేజీలు!

గైడ్ గొప్పతనం ఇక్కడే ఉంది. తలుపు తీయనక్కర్లేదు. ముఖం చూడనక్కర్లేదు. అమ్మ ఊసు ఎత్తనక్కర్లేదు.

నాది పల్లె బడి చదువు. పాఠం పూర్తికాకుండా పలక ముట్టుకుంటే మా పంతులు వేళ్లు వాయగొట్టేవాడు. కాబట్టి పద్ధతిగా లెక్క వేశాను. రోజుకు మూడు పేజీల చొప్పున ఇరవై తొమ్మిది రోజులు చదువు, ముప్ఫయ్యో రోజు పని. నోట్‌బుక్‌లో ఎత్తి రాసుకున్నాను. ఫొటోకు వివరణ ఎలా రాయాలో, కొత్తవాళ్లను ఎలా పలకరించాలో నాకిప్పుడు కంఠతా వచ్చు. పలకరించడానికి మనిషే లేడు.

ఇరవై తొమ్మిదో రోజున, ఎనభై ఆరో పేజీలో ఉంది: "సర్వర్ మూతపడుతోందా? మీ పోస్టుల ఫైలు కావాలని వారం ముందే అడగండి. అది తయారుకావడానికి ఏడు రోజులు పడుతుంది."

మర్నాడు సాయంత్రం లోపలికి వెళ్లి పదకొండు పోస్టులు చదివాను. ఒకటి ఇది: "ఈయన చొక్కా కాలరు తిప్పి కుట్టాను. నెల నుంచీ తొడుక్కుంటున్నారు. చూసుకోలేదు."

పన్నెండోది తెరుచుకోలేదు. సర్వర్ మూసేశారు.

"ఫైలు అడగడం రెండు నిమిషాల పని కదా నాన్నా! పిలవొచ్చుగా?" అంది అమ్మాయి.

"పిలిచాను. గైడ్ పంపావు."

అమ్మాయి గదిలోకి వెళ్లి మూడు రోజులు కూర్చుని, గైడ్ మొదట్లో కొత్త పేజీ చేర్చింది. "ఇంట్లో పెద్దవాళ్లు సాయం అడిగితే ఈ గైడ్ పంపకండి. వెళ్లి పక్కన కూర్చోండి."

చక్కటి మాట. వేలమంది మెచ్చుకున్నారట. ఆ సంగతి అమ్మాయే నాకు చెప్పింది.

మెసేజ్‌లో.