అయిదు రోజులు కారెక్కడ పెట్టాలి

ఫిజీ రాజధాని సువా రేవులో ఓడ సాయంత్రం నాలుగింటికి కదులుతుంది. ప్రయాణికుల గేటు మూడింటికే మూసేస్తారు. నసీనులోని జగన్నాథం ఇంటి నుంచి రేవుకు, బస్సులు దారి ఇస్తే, ముప్పావు గంట. అందుకని ఆ శనివారం పదకొండింటికల్లా బయలుదేరాలని ఆయన నిర్ణయించాడు. ఆయన నిర్ణయాల్లో ఏనాడూ లోపం ఉండదు. వాటిని అమలు చేసేటప్పుడే వస్తుంది తంటా అంతా.

ఆయన భార్య కామిని ముప్ఫై నాలుగేళ్లు బడిలో పాఠాలు చెప్పి కిందటి డిసెంబరులో రిటైరైంది. చుట్టూ సముద్రమే ఉన్న దేశంలో పుట్టి యాభై ఎనిమిదేళ్లొచ్చినా ఆవిడ పెద్ద ఓడ ఎక్కలేదు. ఆ మాటకొస్తే వాళ్ల వంశంలో ఓడెక్కిన ఆఖరి మనిషి ఆవిడ ముత్తాత. చెరకు తోటల్లో గిర్మిట్ అనే ఒప్పందం మీద కూలీగా ఆయన ఈ గడ్డ మీద దిగాక మళ్లీ ఎవరూ ఎక్కలేదు. ఈసారి తను సరదాకి ఎక్కాలని, అయిదు రోజులు ఎవరో వండి పెడితే తిని, పైన కుర్చీలో కాళ్లు చాపుకుని దీవులు చూడాలని కామిని కోరిక. ఇంతకు ముందు మూడుసార్లు ప్రయాణం అనుకున్నారు. ఒకసారి నీళ్ల ట్యాంకు కారుతోందని, ఒకసారి తుఫాను వస్తుందేమోనని, ఇంకోసారి ఏ కారణమూ లేదు కనుక ఏదో ఉండే ఉంటుందని జగన్నాథం మూడూ మానిపించాడు.

"మూడింటికి గేటు మూసేటప్పటికి నేను లోపలుంటా. మీరూ ఉంటే మంచిదే," అని వారం కిందటే కామిని చెప్పేసింది.

వాళ్లింట్లో మామూలు రోజుల్లో ఫిజీ హిందీయే నడుస్తుంది. పెద్దవాళ్ల దగ్గర నేర్చుకున్న తెలుగు పూజలప్పుడూ, పోట్లాటలప్పుడూ మాత్రమే బయటికొస్తుంది. ఆ రోజు పూజ లేదు గానీ పొద్దున్నుంచీ తెలుగే.

"టాక్సీ పిలుద్దాం. ఓం ప్రకాష్ రెండు నిమిషాల్లో వస్తాడు," అంది కామిని. ఓం ప్రకాష్ ఆ వీధి చివర ఉండే టాక్సీ ఆయన.

"టాక్సీలో పోతే కారు ఇంట్లో ఉంటుంది."

"ఉండనీ. అది కారు. ఏడవదు."

"ఇంట్లో ఉంటే బిజేంద్ర అడుగుతాడు."

బిజేంద్ర కామిని సొంత తమ్ముడు, ఉండేది పక్క వీధే. ఫిజీలో కెరెకెరె అనే ఆచారం ఒకటుంది. అయినవాళ్లు ఆ మాట అని ఏదడిగినా లేదనకూడదు. అసలిది స్థానిక ఫిజియన్లది. వాళ్లు అడుగుతారు, ఇస్తారు. వందేళ్ల సహవాసంలో మనవాళ్లకూ అంటుకుంది గానీ, బిజేంద్రకు అందులో అడగడం ఒక్కటే అంటుకుంది. పోయినసారి కారు తీసుకెళ్లి, వెనక సీటులో మేకను ఎక్కించి తెచ్చాడు. జపాను నుంచి వచ్చిన ఆ తెల్ల కారుకు నాలుగేళ్లయినా సీట్ల మీద ప్లాస్టిక్ తొడుగులు తీయని మనిషి జగన్నాథం. ఆ మేక వాసన ఆయనకు ఇంకా కలలోకి వస్తోంది. కారు ఊళ్లో లేకుండా చేయడం ఒక్కటే మార్గమని ఆయన తేల్చుకున్నాడు. అందుకే రేవులో పెట్టాలి.

చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి, కర్పూరం వెలిగించి, బయలుదేరేసరికి పన్నెండు దాటింది. నబువా దగ్గర బస్సులు దారి ఇవ్వలేదు. రేవు గేటు ముందుకు చేరేసరికి ఒంటిగంట పావు.

"అంకల్, ఫుల్ హై," అన్నాడు గేటు దగ్గరి కాపలాదారు, కారు ఆగకముందే. "ఓడ ఉన్న రోజు బుక్ చేసుకోవాలి."

"నేను ఉత్తరం రాశాను."

"జవాబొచ్చిందా?"

"రాలేదు. కాదంటే కాదని రాసేవాళ్లు కదా. రాయలేదంటే ఔననే."

కాపలాదారు ఆయన్ని జాలిగా చూశాడు. జగన్నాథం భూముల శాఖలో ముప్ఫై ఏళ్లు పనిచేశాడు. అక్కడ ఇదే పద్ధతి, ఎంత పనైనా దీని మీదే నడిచేది. రేవువాళ్లకు ఆ పద్ధతి తెలియకపోవడం ఆయనకు మొదట ఆశ్చర్యం కలిగించింది, తరవాత కోపం తెప్పించింది. వెనక నించున్న ఆరు కార్లు హారన్లు కొట్టడంతో కోపాన్ని పూర్తిగా చెప్పడానికి వీలు కాలేదు.

అక్కణ్నుంచి పెద్ద షాపింగ్ సెంటరు కింది పార్కింగుకు వెళ్లారు. రాత్రికి తాళం వేస్తామనీ, లోపలున్న కార్లను లాగేయిస్తామనీ అక్కడ బోర్డు. అక్కణ్నుంచి తెలిసిన వీరస్వామి ఇనుప సామాన్ల కొట్టు వెనక్కి వెళ్లారు. వీరస్వామి సంతోషంగా పెట్టుకోమన్నాడు. కానీ ఆ పెరట్లో ఇసుక లారీలు వెనక్కి వచ్చే తీరు చూసి జగన్నాథం చెమటలు తుడుచుకున్నాడు.

"టైం రెండవుతోంది," అంది కామిని. "ఇక్కడే పెట్టండి. లారీ గుద్దితే కొత్తది కొనుక్కోవచ్చు."

"కొత్తదానికి నిమ్మకాయలు మళ్లీ పెట్టాలి."

"నన్ను దింపేసి మీరు ఊరంతా తిరగండి పోనీ."

"ఐదు నిమిషాలు ఓపిక పట్టు, కామినీ."

"మీ ఐదు నిమిషాలు నేను ముప్ఫై మూడేళ్ల నుంచీ చూస్తున్నా."

అప్పుడే ఆయనకు వాలూ బే రోడ్డు పక్కన ఒక ఇల్లు కనిపించింది. రేకుల కప్పు, ముందు విశాలమైన పచ్చిక, పనసను పోలిన కాయలు కాసే ఉతో చెట్టు, దాని కింద ఒక కారుకు సరిగ్గా సరిపోయే నీడ. అరుగు మీద తెల్లజుట్టు ఫిజియన్ పెద్దాయన కునుకు తీస్తున్నాడు. పేరు ఇలియేసా అని తరవాత తెలిసింది. రేవు అక్కణ్నుంచి నడిచి పావుగంట.

"అడిగి చూడండి," అంది కామిని, కిటికీ అద్దం దించుతూ. "పెట్టుకోవచ్చా అని. అంతే."

"ఒట్టి చేతులతోనా?" అన్నాడు జగన్నాథం, ఆవిడేదో బూతు మాట అన్నట్టు చూసి.

కామిని గడియారం చూసుకుంది. భూముల శాఖలో ఉండగా ఆయన ఏ ఊరికి కొలతలకు వెళ్లినా యాంగోనా వేర్ల కట్ట లేకుండా ఊళ్లో అడుగు పెట్టలేదు. దంచి నీళ్లలో కలిపి తాగే ఆ వేరును ఊరి పెద్ద ముందు పెట్టి, అనుమతి అడిగి, అప్పుడు పని మొదలుపెట్టాలి. దాన్ని సెవుసెవు అంటారు. ఈ మర్యాద ఆయనంత శుద్ధంగా తెలిసిన ఉద్యోగి శాఖలో ఇంకొకడు లేడని పేరు. ఆ పేరు ఆయనకు ఒంటబట్టింది. అప్పట్లో ఆయన పోయేది ప్రభుత్వం టైములో అన్న సంగతి మాత్రం ఆ క్షణాన గుర్తు రాలేదు.

కారు వెనక్కి తిప్పి, యాంగోనా అమ్మే మార్కెట్టు మేడ మీదికి పరుగెత్తి, చిన్న పొడి పొట్లం కాకుండా, మోచేతంత పొడుగు వేర్ల కట్ట, అందులోనూ అన్నిటికన్నా పెద్దది, కొనుక్కొచ్చాడు. రెండూ పదికి టోపీ తీసి, నల్ల కళ్లద్దాలు తీసి, పచ్చిక దాటి, అరుగు ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని కట్టను రెండు చేతులా ముందుకు జరిపాడు.

ఇలియేసా కళ్లు తెరిచి కట్టను చూశాడు. కునుకు ఎగిరిపోయింది. లోపలికి కేకేశాడు. చాప పరిచారు. ఆయన లోపలికి పోయి ఉతికిన చొక్కా తొడుక్కొచ్చాడు. కూతురు చెక్క గిన్నె తెచ్చింది. జగన్నాథం, మర్యాద ప్రకారం, తను భూముల శాఖ మనిషినని చెప్పుకుని, ఆ ఇంటిని, ఆ నేలను, ఆ నేల పెద్దలను, వాళ్ల పెద్దలను ఫిజియన్ భాషలో పొగిడాడు. పని సంగతి మొదటి కొబ్బరి చిప్ప యాంగోనా తాగాకే ఎత్తాలి, అదీ మర్యాదే.

"ఇంత కట్ట తెచ్చినవాడిని నేనొక్కణ్నే స్వీకరించకూడదు. మా అన్నయ్య రావాలి," అన్నాడు ఇలియేసా గంభీరంగా.

అన్నయ్య స్నానంలో ఉన్నాడని కబురొచ్చింది. ఇనప రోట్లో వేర్లు దంచడం మొదలైంది. కామిని చాప చివర కూర్చుని, ఆ రోకటి పోటు ఒక్కొక్కటీ తన నెత్తిన పడుతున్నట్టు చూస్తోంది. ఆవిడకు నిజంగా ఏడుపొస్తోంది. ఆ ఏడుపును కోపంగా మార్చుకుని కూర్చుంది.

రెండూ ఇరవై ఎనిమిదికి అన్నయ్య వచ్చాడు. తల ఇంకా తడిగానే ఉంది. మొదటి చిప్ప అతిథికి. ఒకసారి చప్పట్లు, తాగడం, మూడుసార్లు చప్పట్లు. జగన్నాథం సగం చాలని సైగ చేశాడు. మొహమాటం అనుకుని నిండా పోశారు. రెండోసారీ మొహమాటమే అనుకున్నారు. ఆయన నాలుక మొద్దుబారింది. పని సంగతి చెబుదామని గొంతు సవరించుకునేసరికి అన్నయ్య మొదలుపెట్టాడు. ఆ స్థలం వాళ్ల తాతకు ఎలా వచ్చింది, ఎవరెవరు దాన్ని అడిగారు, ఎవరికి ఎందుకు ఇవ్వలేదు. పెద్దాయన మాట్లాడుతుండగా లేవకూడదు. జగన్నాథం లేవలేదు.

కామిని లేచింది. వంగుకుంటూ, మర్యాదగానే, ఆయన పక్కకొచ్చి ఆయన టిక్కెట్టు తీసి ఆయన జేబులో పెట్టింది.

"నేను పోతున్నా."

"ఐదు నిమిషాలు," అన్నాడు ఆయన, మొద్దుబారిన నాలుకతో.

ఆవిడ పెట్టె లాక్కుంటూ గేటు దాటింది. కంకర రాళ్లలో చక్రాలు ఇరుక్కుంటే ఇలియేసా కూతురు వచ్చి రెండో చెయ్యి వేసింది. రోడ్డు ఎక్కాక కామిని ఒక్కసారి వెనక్కి చూసింది. ఆయన చప్పట్లు కొడుతున్నాడు.

చరిత్ర ముగిసేసరికి మూడుకు అయిదు నిమిషాలు తక్కువ. "ఇక చెప్పు. ఏం కావాలి నీకు?" అని అడిగాడు అన్నయ్య, తలుపులు మూసుకున్న మొహంతో.

"అయిదు రోజులు ఆ చెట్టు కింద కారు పెట్టుకోవాలి," అన్నాడు జగన్నాథం.

అన్నదమ్ములు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు.

"కారా?" అన్నాడు ఇలియేసా. "భూముల శాఖ మనిషివి. ఇంత కట్ట తెచ్చావు. మా స్థలం అడగడానికొచ్చావనుకున్నాం. ఎలా కాదనాలా అని అన్నయ్యను స్నానంలోంచి రప్పించాను. కారు పెట్టుకోవడానికి ఇదంతా ఎందుకయ్యా? కిటికీలోంచి ఒక్క మాట అడిగితే పోయేది."

జగన్నాథం లేవబోయాడు. కాళ్లు రెండూ తిమ్మిరెక్కి ఆయనవి కానట్టు ఉన్నాయి. గోడ పట్టుకుని, గేటు పట్టుకుని, చివరికి గాలిని పట్టుకుని రేవు దాకా పరుగెత్తాడు. మూడూ పదమూడుకు చేరాడు. గేటుకు గొలుసు వేసి ఉంది. టిక్కెట్టు చూపించి జరిగింది వివరించబోతే నాలుక తిరగలేదు, మాటలు ముద్దలుగా వచ్చాయి. కాపలాదారు ముక్కుపుటాలు ఎగరేసి వాసన చూశాడు.

"అంకల్, యాంగోనా బాగా తాగారు. ఇంటికెళ్లి పడుకోండి," అన్నాడు, ఈసారి నిజమైన ఆప్యాయతతో.

నాలుగింటికి ఓడ కూసింది. మూడో అంతస్తులో పసుపు పచ్చ బట్టలు వేసుకున్న చిన్న బొమ్మ ఒకటి చెయ్యి ఊపింది. జగన్నాథం రెండు చేతులూ ఊపాడు. ఆ దూరానికి ఆవిడ మొహం కనబడలేదు. ఆయనకు దిగులేసింది. ఉత్తరం రాయడానికి కూడా ఏ ఆఫీసూ లేని దిగులు అది.

ఓడ మీద కామినికీ మొదట దిగులే వేసింది. రెండు పడకల గదిలో రెండో పడక చూసి కళ్లనీళ్లు పెట్టుకుంది. తరవాత పైకెళ్లి కుర్చీలో కూర్చుంది. ఒకడొచ్చి, అమ్మా టీ కావాలా, అని అడిగాడు. ఆవిడ జీవితంలో, అడగకుండా టీ ఇస్తానన్న మగమనిషి అతనే. ముత్తాత దిగిన తీరం మెల్లగా వెనక్కి పోతోంది. ఆవిడ కాళ్లు చాపుకుంది.

జగన్నాథం కాళ్లీడ్చుకుంటూ ఉతో చెట్టు దగ్గరికి తిరిగొచ్చేసరికి ఇలియేసా ఎదురొచ్చాడు.

"ఓడ పోయిందటగా. పాపం. మా వల్లే," అని ఆయన భుజం పట్టుకున్నాడు. "నువ్వు ఇక పరాయివాడివి కాదు. అన్నయ్య మనవరాలి పెళ్లి ఇక్కడికి గంట దూరం, నవువాలో. చాపలు పోవాలి, దాలో దుంపలు పోవాలి, ముసలాళ్లు పోవాలి. నీ కారు అయిదు రోజులు ఖాళీయే అని నువ్వే అన్నావు కదా. కెరెకెరె."

జగన్నాథం రెండు చిప్పలు తాగాడు, అతిథిగా చాప మీద కూర్చున్నాడు. తను ముప్ఫై ఏళ్లు కాపాడుకొచ్చిన మర్యాద ఏం చెబుతుందో ఆయనకు బాగా తెలుసు. తాళం చెవి చేతిలో పెట్టలేక, తనే నడుపుతానన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం కామిని ఫోన్ చేసింది. ఆయన వెనక ఎవరో పాడుతున్నారు, ఏదో కుదుపుల చప్పుడు వినిపిస్తోంది.

"కారు ఎక్కడుంది?"

"నవువా దారిలో."

"మీరెక్కడున్నారు?"

"కార్లో. వెనకాల నలుగురు, దుంపల బస్తాలు రెండు."

అవతల్నుంచి దగ్గులాంటి చప్పుడొకటి వచ్చింది. కామిని నవ్వు ఆపుకుంటోందని ఆయనకు అర్థం కాలేదు. భోజనం గంట కొట్టారని చెప్పి ఆవిడ ఫోన్ పెట్టేసింది.

బల్ల దగ్గర పక్క కుర్చీ ఖాళీగా ఉండటం చూసి, మీ వారెక్కడ అని అడిగినవాళ్లందరికీ కామిని ఆ అయిదు రోజులూ ఒకే జవాబు చెప్పింది: కారు పార్క్ చేస్తున్నారు.