బాంబరుకు నూట ఇరవై చిల్లులు

ఆ శనివారం పళ్ళ డాక్టరుగారి కార్యక్రమం చాలా చిన్నది. పదింటికి విమానానికి చివరి పూత వార్నిష్, నాలుగింటికి మోడల్ క్లబ్బు ప్రదర్శన, ఆరింటికి కప్పుతో ఇంటికి. ఎనిమిది నెలలుగా క్లినిక్ వెనక గదిలో కూర్చుని, పళ్ళు గీకే పనిముట్లతోనే ఒక్కొక్క రివెట్టూ దిద్ది, రంగులేసిన యుద్ధకాలపు బాంబరు విమానం నమూనా అది. రెక్కల కొస నుంచి కొసకు మీటరున్నర! అంత పెద్దవి కట్టేది ఊళ్ళో ఇద్దరే, ఈయనా, ఈయన తోడల్లుడు డ్రాయింగు మాస్టారూ. నిరుడు ఒక్క మార్కు తేడాతో పెద్ద విమానాల కప్పు మాస్టారు ఎగరేసుకుపోయారు. పైగా అత్తగారు కనిపించిన వాళ్ళందరితోనూ "మా పెద్దల్లుడిది కళ, చిన్నల్లుడిది పళ్ళు" అంటూ ఉంటారు.

వార్నిష్ డబ్బా మూత తీశారో లేదో, భార్య ఫోను పట్టుకుని వచ్చింది. "ఏవండీ, అక్క చేసింది. బావ తన విమానానికి ముప్పై బుల్లెట్ చిల్లులు పెట్టారట. అచ్చం యుద్ధం చేసొచ్చినట్టుందట."

డాక్టరుగారు తన బాంబరు వైపు చూసుకున్నారు. నిన్నటిదాకా ముద్దొచ్చిన ఆ నిగనిగలు ఇప్పుడు బొమ్మల కొట్లో సరుకులా కనిపించాయి.

"ముప్పయ్యేనా? నేను అరవై పెట్టానని చెప్పు."

"పెట్టలేదు కదండీ!"

"పెడతాను!"

పళ్ళను తొలిచే మిషను గుయ్యిమంది. బయట బెంచీ మీద బుగ్గ వాచి కూర్చున్న పేషెంటు ఆ మోతను ఇరవై నిమిషాలు విని, లోపల ఎవరున్నారో పాపం అనుకుంటూ చెప్పులు చేతబట్టుకుని జారుకున్నాడు.

అరవై పూర్తయ్యేసరికి మళ్ళీ ఫోను. బావ వంద పెట్టారట, ఇంజనుకు మసి కూడా పట్టించారట. డాక్టరుగారు నూట ఇరవై దాకా వెళ్ళి, కొవ్వొత్తి వెలిగించారు. మసి పట్టడం మాట అటుంచి, ప్లాస్టిక్ ఇంజను కాస్తా మెత్తబడి ఒక పక్కకు జారింది. "ఇంకా మంచిదే, సహజంగా ఉంది" అన్నారు, పొగ వల్ల అన్నట్టు కళ్ళు తుడుచుకుంటూ.

మూడింటికి ఆఖరి కబురు. "బావ ఒక చక్రం కూడా పీకేశారటండీ. శత్రువులు కొట్టేశారన్నమాట."

డాక్టరుగారు పళ్ళు పీకే పటకారు అందుకున్నారు.

"ఆగండి! మూడు చక్రాల మీదా నిలబడకపోతే పోటీకి పనికిరాదని రూలు కదా?"

"మీ బావకి లేని రూలు నాకెందుకే?" అంటూ ఒక్క గుంజు గుంజారు. చెయ్యి తిరిగిన డాక్టరు కదా, చక్రం మొదలంటా వచ్చేసింది.

హాల్లో పెద్ద విమానాలకు రెండే బల్లలు. ఒకటి ఖాళీ. దాని పక్కన మాస్టారు నడుముకు బెల్టుతో, నిరుటి కప్పును తువ్వాల్లో చుట్టుకుని నిలబడి ఉన్నారు.

"మీ విమానమేదీ అన్నయ్యా?"

"ఎక్కడి విమానం తమ్ముడూ! నడుం పట్టేసి ఈ ఏడు పెట్టె కూడా విప్పలేదు. నీది అద్దంలా మెరుస్తోందని మరదలు చెప్పినప్పటి నుంచీ నాకు ఒకటే కుళ్ళు. ఆ చిల్లులన్నీ నోటితో పెట్టినవే. అయినా నీకు పోటీ ఎవరున్నారు? నీ కప్పు నీకిద్దామనే తెచ్చాను."

ఈలోగా క్లబ్బు కార్యదర్శి వచ్చి, డాక్టరుగారి చేతుల్లోంచి బాంబరును అందుకుని బల్ల మీద పెట్టి చెయ్యి తీశాడు. అది ఎడమ రెక్క మీద చతికిలబడింది.

"ఇది నిలబడదే! అర్హులెవరూ లేకపోతే కప్పు పాత విజేత దగ్గరే ఉండాలండీ."

మాస్టారు మొహమాటపడుతూనే కప్పును మళ్ళీ తువ్వాల్లో చుట్టేశారు. ముందు వరసలోంచి అత్తగారి గొంతు హాలంతా వినిపించింది. "చూశారా? మా పెద్దల్లుడు కట్టకుండానే గెలిచాడు!"

సోమవారం నాడు బుగ్గ వాచిన పేషెంటు ధైర్యం కూడగట్టుకుని మళ్ళీ వచ్చాడు. "చిన్న చిల్లే కదా డాక్టరుగారూ, మరీ అంత తొలచాలంటారా?"

"మొదటి చిల్లు దగ్గరే ఆగిపోవాలండీ" అన్నారు డాక్టరుగారు.