ఒకటిన్నర అంగుళం

ఆ శనివారం పొద్దున రాధాకృష్ణ వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. తను, సుధ, ఒక ట్రే పులిహోర. కాలిఫోర్నియాలో శాన్ రామన్ ఊళ్ళో కొండ మీద రఘువీర్ కట్టించుకున్న కొత్తింటికి గృహప్రవేశానికి వెళ్ళాలి, కారు కింద వీధిలోనే ఆపాలి, భోంచేసి ఇంటికొచ్చి పడుకోవాలి. ఇందులో చెడిపోవడానికేముంది అని ఎవరికైనా అనిపిస్తుంది.

కానీ ‘కుదరదు’ అనే మాట రాధాకృష్ణ నోట ఇంతవరకూ పలకలేదు. పదిహేనేళ్ళపాటు అతను ఏడు సీట్ల వ్యాను నడిపాడు. కాగితాల్లో అది అతనిదే గానీ, ఊళ్ళో తెలుగువాళ్ళంతా దాన్ని ‘మన వ్యాను’ అనేవాళ్ళు. ఎవరి అత్తగారు విమానం దిగినా, ఎవరి సోఫా ఇల్లు మారినా, ఎవరి అమ్మాయి అరంగేట్రానికి మృదంగం వాళ్ళొచ్చినా మన వ్యానే. ఆ శనివారాలన్నీ సుధ పక్క సీట్లో కూర్చుని, ఎవరిదో ఆవకాయ జాడీ ఒళ్ళో పెట్టుకుని గడిపింది. చివరికి ఓ రోజు ఆ వ్యాను ఫ్రీవే మీద గేర్‌బాక్స్ వదిలేసి కన్నుమూసింది. “అలిసిపోయి పోయింది పాపం” అంది సుధ. ఆ మాటలో కాస్త అసూయ ఉంది.

దాని స్థానంలో ఓ సెకండ్‌హ్యాండ్ సెడాన్ వచ్చింది. ఆఫీసులో పవన్ అనే కుర్రాడు దాని చుట్టూ తిరిగి చూసి, “అన్నా, కారు మస్తుంది. కానీ టైరుకీ పైన ఫెండర్ రేకుకీ నడుమ ఆ గ్యాప్ చూడు. పిల్లి పోయి పండుకోవచ్చు” అన్నాడు. ఆ రోజు నుంచీ రాధాకృష్ణకి కారు కనపడటం మానేసి గ్యాప్ ఒక్కటే కనపడసాగింది. కారుని ఒకటిన్నర అంగుళం కిందికి దించే స్ప్రింగులుంటాయన్నాడు పవన్. పెద్ద వీల్స్, పల్చటి టైర్లు వేస్తే ఇంకా బావుంటుందన్నాడు.

నలభై ఆరేళ్ళ వయసులో తన కోసం తను ఏదైనా ఎంచుకోవడం రాధాకృష్ణకి అదే మొదలు. కంచం ముందు కూర్చుని కూడా ఫోనులో వీల్స్ బొమ్మలు తిప్పుతూ ఉండేవాడు.

“ఏది బావుంది?”

“రెండూ ఒకటే కదండీ.”

“ఇది కాంస్యం రంగు, అది ముదురు బూడిద రంగు. దీనికి ఐదు ఊచలు, దానికి పది.”

“ఐదైతే కడగడం తేలిక” అంది సుధ, కంచం తీస్తూ. అలా కాంస్యం రంగు ఐదు ఊచలవి ఖాయమయ్యాయి.

పని పూర్తయి ఇంటికొచ్చిన కారుని చూసుకోవడానికి అతను చెత్త పారేసే నెపంతో రోజుకి నాలుగుసార్లు గరాజ్‌లోకి వెళ్ళాడు. సుధ ఒక్కసారి ఎక్కి, తలుపు పట్టుకుని కష్టం మీద లేచింది.

“ఇందులో కూర్చోవడం కాదు, పడటం. సరే, మీ ముచ్చట కాదనను. ఒక్కటే షరతు. శనివారం రఘువీర్ వాళ్ళ గృహప్రవేశానికి దీంట్లోనే వెళ్దాం. దీనివల్ల ఒక్క మనిషికి ఇబ్బందైనా పాత స్ప్రింగులూ పాత వీల్సూ వెనక్కి రావాల్సిందే. ఇంకో తలనొప్పి మోసే ఓపిక నాకు లేదు.”

పులిహోర ట్రే వెనక సీట్లో పెడుతుండగానే రఘువీర్ ఫోన్ చేశాడు.

“అన్నయ్యా, చిన్న హెల్ప్. శాస్త్రిగారిని గుడి దగ్గర పికప్ చేసుకుంటారా? హోమానికి ఇటుకలూ ఇసుక బస్తా కూడా అక్కడే ఉన్నాయి. ఎలాగూ మీ దారే కదా!”

వాళ్ళ దారి అది కాదు. రాధాకృష్ణ “అయ్యో, దానికేం” అన్నాడు. సుధ కళ్ళు మూసుకుంది.

ఇటుకలు ఎక్కేసరికి కారు వెనకభాగం మరో వేలెడు దిగింది. శాస్త్రిగారు మడిబట్టతో, చెప్పుల్లేకుండా ముందు సీట్లోకి దిగారు. అంతలో గుళ్ళోంచి వీరభద్రం దంపతులు వచ్చారు. వీరభద్రం రిటైరై పదేళ్ళయింది. ఊరి తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపు నడపడం ఇప్పుడాయన ఉద్యోగం.

“మా కారు సర్వీస్‌కిచ్చామయ్యా. నీ వ్యాను ఉంటుందనుకున్నా. ఫరవాలేదులే, సర్దుకుంటాం” అన్నాడాయన.

సర్దుకుంటాం అన్న మనిషికి ఎదురు చెప్పగల తెలుగువాడు ఇంకా పుట్టలేదు. సుధ వెనక సీట్లో మధ్యకి జరిగి, ట్రే ఒళ్ళో పెట్టుకుంది. వ్యాను పోయినా ఒడి ఖాళీ కాలేదు.

మొదటి మలుపులోనే వెనక టైరు ఫెండర్‌ని తాకి బర్రుమంది.

“పంక్చరేమో చూడవయ్యా” అన్నాడు వీరభద్రం.

“కాదండీ, కొంచెం రబ్ అవుతోంది, అంతే.”

స్పీడ్ బంప్ వచ్చింది. కారు పొట్ట తగలకుండా రాధాకృష్ణ దాన్ని ఏటవాలుగా, ఒక్కో చక్రమే ఎక్కించి దాటాడు. రెండోదీ అలాగే దాటాడు.

“రాత్రి ఏమైనా పార్టీకెళ్ళావా?” వీరభద్రం గొంతు తగ్గించి అడిగాడు.

“ఆయన తొమ్మిదింటికే పడుకున్నారండీ” అంది సుధ.

ముందున్న అడ్డదారి నిండా బంపులే. రాధాకృష్ణ దాన్ని వదిలేసి చుట్టుదారి పట్టాడు. శాస్త్రిగారి మొహం విప్పారింది.

“దక్షిణం వీధి వదిలేశారు. శుభకార్యానికి వెళ్తూ దిక్కు చూసుకునేవాళ్ళు ఈ దేశంలో ఇంకా ఉన్నారన్నమాట!”

బంపుల కోసమండీ అని చెప్పేస్తే సరిపోయేది. పెద్దాయన అంత మెచ్చుకుంటుంటే కాదనడానికి రాధాకృష్ణకి నోరు రాలేదు. ఇక ప్రతి కూడలి దగ్గరా శాస్త్రిగారే దారి చెప్పసాగారు. “అటొద్దు నాయనా, నైరుతి.” “ఇటు తిప్పండి, ఈశాన్యం.” పావుగంట దారి కాస్తా ఊరు మొత్తం ప్రదక్షిణమైంది. ఒక కాఫీ షాపు ముందు నుంచి రెండుసార్లు వెళ్ళారు.

ఈలోగా వీరభద్రం తన ధర్మం తను నిర్వర్తించాడు. ‘శాస్త్రిగారున్న కారుకి టైర్ ట్రబుల్. లేటవుతుంది’ అని గ్రూపులో పెట్టాడు. తర్వాత కొండల మధ్య సిగ్నల్ పోయింది. గ్రూపు మాత్రం పోలేదు. ‘టైర్ పేలిందా?’ అన్నారొకరు. ‘ఫ్రీవే మీదా?’ అన్నారింకొకరు. ఎవరో దండం బొమ్మలు పెట్టారు. అవి చూసి మిగతావాళ్ళు కూడా పెట్టారు. అన్ని దండాలు చూసేసరికి రఘువీర్‌కి కాళ్ళూ చేతులూ ఆడలేదు. వచ్చిన మగవాళ్ళందరినీ మూడు కార్లలో ఎక్కించుకుని ఫ్రీవే వైపు పరిగెత్తాడు.

కాబట్టి రాధాకృష్ణ కారు చేరేసరికి కొత్తింటి గడప ముందు రఘువీర్ భార్య శ్రీవల్లీ, కొందరు ఆడవాళ్ళూ, పిల్లలూ తప్ప ఎవరూ లేరు. ఇంటికి వెళ్ళే డ్రైవ్‌వే నిచ్చెన వేసినట్టుంది. రాధాకృష్ణ కారు వీధిలోనే ఆపాడు.

“ఇక్కడ దిగుదామండీ.”

శాస్త్రిగారు ఆ ఎత్తు చూసి, తన మోకాళ్ళకేసి చూసుకున్నారు.

“గృహప్రవేశానికి పురోహితుణ్ణి వీధిలో దింపుతావటయ్యా?” అన్నాడు వీరభద్రం.

“అది కాదండీ...” అన్నాడు రాధాకృష్ణ. జన్మలో అతను ‘కుదరదు’కి అంత దగ్గరగా వెళ్ళడం అదే మొదటిసారి. అక్కడి నుంచి వెనక్కి వచ్చేసి, కారు గేరులో వేశాడు.

ముందు చక్రాలు ఎక్కాయి. ఆ తర్వాత కారు పొట్ట సిమెంటు అంచు మీద గర్రుమని కూర్చుంది. ముందుకీ పోదు, వెనక్కీ రాదు. అందరూ దిగినా లేవలేదు. తోయడానికి మగవాళ్ళేరీ అంటే, ఈ కారునే వెతకడానికి వెళ్ళారు. ముహూర్తం జారిపోతోందని శ్రీవల్లి పాలగిన్నె పట్టుకుని ఏడుపు ఆపుకుంటోంది. సుధ డిక్కీ తెరిచి, ఇటుకలు ఒక్కొక్కటే తెచ్చి మొగుడి చేతికిచ్చింది. అతను వాటిని చక్రాల కింద పేర్చి, కారుని ఎలాగో పైకెక్కించాడు. సగం ఇటుకలు విరిగాయి.

“టైరు తొక్కినవి హోమానికి పనికిరావు” అన్నారు శాస్త్రిగారు, మెల్లిగా.

అంతలో వెతకబోయిన కార్లు తిరిగొచ్చాయి. రఘువీర్ పరిగెత్తుకొచ్చి, “మీరు బతికే ఉన్నారా అన్నయ్యా!” అని కావలించుకున్నాడు. ఆ తర్వాత ఇటుకలు చూసి వదిలేశాడు. ఇటుకల్లేకుండా హాల్లో చెక్క నేల మీద నిప్పు పెట్టడానికి లేదు. చివరికి పులిహోరని గిన్నెలోకి ఒంపి, ఆ ట్రేలో ఇసుక పోసి, గరాజ్‌లో సిమెంటు నేల మీద, పెయింటు డబ్బాల మధ్య హోమం చేశారు. ముహూర్తం వెంట్రుకవాసిలో దక్కింది. రాధాకృష్ణ సిగ్గుతో గడ్డికోత యంత్రం వెనక నిలబడ్డాడు.

తిరుగు ప్రయాణంలో వాళ్ళ కారు ఎవరూ ఎక్కలేదు. వీరభద్రం దంపతులు ముగ్గురున్న కార్లో సర్దుకున్నారు.

“పవన్‌తో మాట్లాడతాను, పాతవి బిగిస్తారు” అన్నాడు రాధాకృష్ణ. సుధ కిటికీలోంచి చూస్తూ ఊఁ అంది. ఇన్నేళ్ళలో అతను తనకంటూ కోరుకున్నది ఒకటిన్నర అంగుళం, అదీ దక్కలేదు.

షాపులో మళ్ళీ శనివారం గానీ ఖాళీ లేదన్నారు. ఈలోగా వీరభద్రం గ్రూపులో ఒక హెచ్చరిక పెట్టాడు. ‘రాధాకృష్ణ కారు ఎక్కితే నడుం సంగతి దేవుడెరుగు. ముహూర్తాలున్నవాళ్ళు అసలే ఎక్కవద్దు.’ చదివి రాధాకృష్ణ రెండు రోజులు సరిగ్గా తినలేదు.

శనివారం తెల్లారింది. ఎనిమిదైంది, తొమ్మిదైంది. ఫోను మోగలేదు. పాడైందేమోనని రాధాకృష్ణ దాన్ని ఆపి మళ్ళీ పెట్టాడు. గ్రూపులో ఎవరో ఎయిర్‌పోర్టుకి ఎవరైనా వెళ్ళగలరా అని అడిగారు. అలవాటు కొద్దీ అతని బొటనవేలు కదిలేలోపే ముగ్గురు జవాబిచ్చారు: ‘పాపం రాధాకృష్ణని మాత్రం ఇబ్బంది పెట్టకండి.’

సుధ పెరట్లో ఎండలో కుర్చీ వేసుకుని రెండో కాఫీ తాగుతోంది. ఆమె శనివారం నాడు కాఫీ వేడిగా తాగడం రాధాకృష్ణ ఎప్పుడూ చూడలేదు. ఆమె ఒళ్ళో ఏమీ లేదు.

పవన్ వాయిస్ మెసేజ్ పెట్టాడు. “అన్నా, బయల్దేరినవా? షాపులో నీ కోసమే చూస్తున్నరు.”

రాధాకృష్ణ తాళాలు తీసుకుని పెరటి గుమ్మం దగ్గరికొచ్చాడు.

“వెళ్ళొస్తాను. పాత స్ప్రింగులు వేయించుకొస్తా.”

సుధ అతని చేతిలోని మోగని ఫోనుకేసి చూసింది. కాఫీ ఇంకో గుక్క తాగింది.

“ఎలాగూ వెళ్తున్నారు కదా, ఇంకో అంగుళం దిగుతుందేమో కనుక్కోండి” అంది.