అగ్నిమాపక సూచనలు, 2003

ఆ బుధవారం ఉదయం పెర్లా వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి ఆఫీసులో అందరికీ ఒక మెయిల్ పంపాలి. పదింటికి వీధి చివరి కొట్లో వేడి వేడి బత్చోయ్ సూపు తాగాలి. ఇలోయిలో ఊళ్లోని ఆ బిస్కెట్ల కంపెనీలో సర్వర్ల బాగోగులు ఇరవై ఆరేళ్లుగా ఆవిడే చూస్తోంది. డైరెక్టరుగారు తప్ప అందరూ ఆవిణ్ణి మానాంగ్ అంటారు, అంటే అక్క.

సర్వర్ డిస్కు తొంభై రెండు శాతం నిండిపోయింది. డైరెక్టర్ రోడెల్ కిందటి రోజే తేల్చేశారు.

"శుక్రవారం సాయంత్రానికి సగం ఖాళీ కావాలి, మిస్ పెర్లా. కాకపోతే సెబూ హెడ్డాఫీసు నుంచి మనుషులొస్తారు. అయిదేళ్లు దాటిన ప్రతిదీ చెరిపేసి పోతారు."

అయిదేళ్లు దాటినవాటిలో ఏముందో పెర్లాకు తెలుసు. ఏటా క్రిస్మస్ విందులో విభాగాల మధ్య డాన్సు పోటీ ఉంటుంది. సెప్టెంబరు నుంచే సాధన మొదలు. ఆ వీడియోలు పక్క విభాగం కంటపడితే అడుగులు దొంగిలిస్తారని, ఎవరికీ తెరవబుద్ధి కాని పేర్లు పెట్టి సర్వర్‌లో దాచేవారు. 'గోదాములో తేమ', 'ఎలుకల నివారణ' వగైరా. ఈ ఉపాయం కనిపెట్టింది పెర్లాయే. ఆవిడ ఫోల్డరు 'అగ్నిమాపక సూచనలు, 2003'. అందులో లెక్కల విభాగం డెలియా ఉంది, పిండి గోనెలతో కుట్టిన పావడా కట్టుకుని, నవ్వాపుకోలేక అడుగు తప్పుతూ. డెలియా పోయి ఆరేళ్లయింది. ఆ నవ్వు ఇంకెక్కడా మిగల్లేదు.

ఇంటికి పట్టుకుపోదామంటే వీల్లేదు. కంపెనీ కంప్యూటర్లకు పెన్‌డ్రైవు పెట్టకూడదన్న నియమం తెచ్చింది కూడా పెర్లాయే.

అందుకే, అక్కర్లేని చెత్త ఎవరిది వాళ్లే తీసేసుకుంటే చోటు మిగులుతుందని అందరికీ మెయిల్ రాసింది: 'మీ పాత ఫోల్డర్లు ఒకసారి చూసుకోండి. శుక్రవారం తర్వాత ఉండకపోవచ్చు.' రాసి, సూపు తాగి వచ్చింది. డిస్కు తొంభై ఆరుకు చేరింది.

ప్యాకింగ్ విభాగం మెలీ గుమ్మంలో నిలబడి ఉంది.

"మానాంగ్, మా ఎలుకలకేం భయం లేదుగా?"

"ఏం చేశావు నువ్వు?"

"ఏమీ లేదు. ఇంకో కాపీ తీసి పెట్టా. ఒకటి పోయినా ఒకటుంటుందని."

"ఎక్కడ పెట్టావు?"

"సర్వర్‌లోనే. అంతకన్నా భద్రమైన చోటేముంది?"

పెర్లా కుర్చీలో కూలబడి రెండో మెయిల్ రాసింది: 'దయచేసి ఎవరూ కాపీలు తీయవద్దు.' దాంతో, కాపీలు తీయవచ్చన్న సంగతి అంతవరకూ తోచనివాళ్లకు కూడా తోచింది. మధ్యాహ్నానికి తొంభై తొమ్మిది. సేల్స్ విభాగం జున్రే తనవి రెండు కాపీలు తీసి, ప్యాకింగ్ వాళ్లవి కూడా తీశాడు.

"వాళ్లవి నీకెందుకురా?"

"వాళ్లు మావి తీశారేమో మానాంగ్. ఎవరి జాగ్రత్త వాళ్లది."

గురువారం పదకొండింటికి డిస్కు నిండా నిండిపోయింది. లేబుళ్లు అచ్చువేసే యంత్రం ఆగింది. బిస్కెట్ డబ్బాలు లేబుళ్లు లేకుండా బోసిగా బారులు తీరాయి. రోడెల్ మెట్లు దిగి సర్వర్ గదికి వచ్చారు. వెనకాలే సగం ఆఫీసు వచ్చింది.

"చోటంతా తింటున్నదెవరో ఇప్పుడే నా కళ్లముందు తేలాలి," అన్నారాయన.

పెర్లా అన్నిటినీ పరిమాణం ప్రకారం వరసగా పేర్చింది. మొదటి తొంభై తొమ్మిదింటి పేరూ ఒకటే: 'డైరెక్టరుగారి సందేశం'. తొమ్మిదేళ్లుగా ఏటా నలభై నిమిషాల ఉపన్యాసం, మూడు కెమెరాలతో తీసినది. పదకొండు విభాగాలకూ పంపి, భద్రపరచండి అని ఉత్తర్వు. అందరూ బుద్ధిగా భద్రపరిచారు. సగం డిస్కు అదే.

రోడెల్ తెరమీద వేలు పెట్టారు. "వీటిని ఎంతమంది చూశారు?"

పెర్లా తేదీలు చూసింది. అబద్ధం చెప్పడానికి జాగా మిగల్లేదు. "పెట్టిన రోజు నుంచి ఎవరూ ముట్టుకోలేదు సర్. చాలా భద్రంగా ఉన్నాయి."

మెలీకి దగ్గొచ్చింది.

"మరి వీటి కింద ఈ అగ్నిమాపక సూచనలు? నిన్న కూడా తెరిచారే. ఎవరు?"

"నేనే సర్."

"తెరవండి."

మంటలార్పే సూచనలేవీ రాలేదు. ప్యాకింగ్ గది వచ్చింది, డెలియా వచ్చింది. ఆమె పక్కన గోనె పావడాలో బక్కపల్చటి కుర్రాడొకడు, అందరూ కుడికి వెళ్తుంటే ఎడమకు వెళ్తున్నాడు. ఆ ఏడే సేల్స్‌లో చేరి, మనుషులు చాలక ఈ జట్టుకు దొరికిపోయిన రోడెల్.

ఎవరూ నవ్వలేదు. నవ్వచ్చో లేదో తెలియక.

ఆయన తెరకు దగ్గరగా వంగారు. "అడుగు తప్పేది ఆవిడ. మోచేత్తో పొడిచేది నన్ను," అన్నారు చివరికి. వీడియో అయిపోయింది. "మళ్లీ పెట్టు, మానాంగ్."

రెండోసారి కూడా అయ్యాక కళ్లజోడు తుడుచుకున్నారు. "సెబూ వాళ్లను రావద్దను. నా సందేశాలు తీసెయ్. ఒక్కటుంచితే చాలు."

"ఏ సంవత్సరానిది సర్?"

ఆయన నిజాయితీగా ఆలోచించారు. "ఏదైనా ఒకటే."

ఆ డిసెంబరులో డైరెక్టరుగారి సందేశం నాలుగు నిమిషాల్లో ముగిసింది. భద్రపరచమని ఉత్తర్వేమీ రాలేదు గాని, మొదటిసారిగా దాన్ని అందరూ చివరిదాకా విన్నారు.