పడకల కొరత కేవలం అపోహ

"దేశంలో మహమ్మారి లేదని నేను అనను. ఉంది. కానీ మహమ్మారి కన్నా దాని మీద ఉన్న అపోహలే ప్రజల్ని ఎక్కువగా పట్టి పీడిస్తున్నాయి. కనుక ముందు అపోహలకు వైద్యం చేస్తాం!" అని ఆరోగ్యశాఖ మంత్రిగారు మైకుల గుంపు ముందు ప్రకటించారు. పక్కనున్న కార్యకర్తలు మాస్కులు గడ్డం కిందికి లాక్కుని మరీ జేజేలు కొట్టారు.

ఆ సాయంత్రానికల్లా అపోహల నిర్మూలన విభాగం వెలిసింది. కాలువలకు గండి పడిన ప్రతిసారీ పడలేదని చక్కటి భాషలో రాసిన అనుభవం ఉన్న ఒక పెద్దమనిషిని నీటిపారుదల శాఖ నుంచి తెచ్చి దానికి అధిపతిని చేశారు. ఆయన్ని అందరూ ఖండనగారు అనేవారు.

ఖండనగారు పనిమంతులు. అపోహ పుట్టాక ఖండించడం బద్ధకస్తుల పని అని ఆయన సిద్ధాంతం. ఏ సరుకు అడుగంటుతోందో పొద్దున్నే గిడ్డంగుల వాళ్ళకు ఫోన్ చేసి కనుక్కునేవారు. సంగతి ఇంకా బయటికి పొక్కకముందే "ఆక్సిజన్ సిలిండర్లు దొరకడం లేదన్నది కేవలం అపోహ" అని టీవీల్లో వేయించేవారు. మధ్యాహ్నానికి సిలిండర్ల దుకాణాల ముందు తోపులాట. ఇంత వేగంగా నిజాన్ని జనానికి చేరవేసిన శాఖ ప్రభుత్వంలో మరొకటి లేదు. ఏ పత్రికనూ నమ్మనివాళ్ళు కూడా ఖండనగారి ప్రకటనల్ని కళ్ళకద్దుకుని చదివేవారు.

ఇంట్లో ఆయన భార్యా అంతే.

"ఏమండీ, ఇవాళ దేన్ని ఖండిస్తున్నారు?"

"జ్వరం మాత్రల కొరతని."

"అయ్యో, కాస్త ముందు చెప్పకూడదూ? ఆ సంచి ఇలా ఇవ్వండి."

"పుష్కలంగా ఉన్నాయని ప్రభుత్వం అంటుంటే ఆ పరుగేమిటే?"

"అందుకే పరుగు," అని ఆవిడ చెప్పులు వేసుకునేది. ఖండనగారికి ఒళ్ళు మండిపోయేది.

ఒకరోజు ఆవిడకు ఊపిరి అందలేదు. వేలికి తగిలించిన మీటరులో అంకె చూస్తుండగానే పడిపోతోంది. పెళ్ళయిన నాటి నుంచీ మాటకు మాట అప్పజెప్పే మనిషి ఆ పూట పెదవి విప్పలేదు. అంబులెన్సుకు కబురు పెట్టి, ఖండనగారు ఆస్పత్రులకు ఫోన్లు మొదలుపెట్టారు.

"మీరా సార్? మా దగ్గర బెడ్లు లేవన్నది అపోహ అని మొన్ననే వేయించారు కదా! అప్పటికే నిండిపోయి ఉన్నాం," అన్నారు ఒకచోట.

"మా వరండాలో రోగులు పడుకుంటున్నారన్నది అపోహ అని నిన్న అన్నారు సార్. ఇప్పుడు మెట్ల మీద కూడా చోటు లేదు," అన్నారు ఇంకోచోట.

చివరికి ఊరవతల ఉన్న పాత ఆస్పత్రి గుర్తొచ్చింది. ఖండనల్లో దాని జోలికి ఆయన ఒక్కసారీ పోలేదు.

"ఇప్పుడే ఒక బెడ్ ఖాళీ అయింది సార్," అంది నర్సు. "ఎవరికోసమూ ఆపి ఉంచలేం. ముందు వచ్చినవాళ్ళదే."

భార్యను అంబులెన్సులోకి ఎక్కిస్తుండగా మంత్రిగారి ఫోన్.

"ఏమయ్యా ఖండనా, మా మామగారికి ఆయాసం ఎక్కువైంది. ఊరవతలి పాత ఆస్పత్రి గురించి నువ్వింకా ఏమీ ఖండించినట్టు లేదు. అంటే అక్కడ ఖాళీ ఉన్నట్టేగా? కారు తీయిస్తున్నాను."

మంత్రిగారి కారుకు ముందూ వెనకా సైరన్లుంటాయి. ఖండనగారు భార్య ముఖం వైపు చూశారు. పెదవులు నీలంగా మారుతున్నాయి.

"ఒక్క నిమిషం టీవీ చూసి బయల్దేరండి సార్," అని, అంబులెన్సులో కూర్చునే ఫోనులో టైపు చేసి టీవీలకు పంపేశారు. "ఊరవతలి పాత ఆస్పత్రిలో పడకల కొరత ఉందన్నది కేవలం అపోహ. అక్కడ పడకలు ఖాళీగా ఉన్నాయి."

కాసేపటికే మళ్ళీ ఫోన్. "చూశానయ్యా. అదీ నిండిపోయిందన్నమాట! మామగారిని కారు దింపేశాం."

ఆస్పత్రి వైపు వెళ్ళే బండి మరొక్కటీ కనిపించలేదు. రోడ్డు బోసిగా ఉంది. ఆస్పత్రిలో ఆవిడకు ఆక్సిజన్ పెట్టారు. మెల్లగా పెదవులకు రంగు తిరిగింది. ఆవిడ కళ్ళు తెరిచి గుర్తుపట్టగానే ఖండనగారు ఆ చెయ్యి పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చేశారు.

కళ్ళు తుడుచుకున్నాక చుట్టూ చూశారు. పక్క మంచాలన్నీ ఉతికిన దుప్పట్లతో ఖాళీగా ఉన్నాయి.

"ఇంకొంతమంది తగ్గి ఇళ్ళకు వెళ్ళారు సార్," అంది నర్సు. "రోజూ దుప్పటి మార్చేలోపే ఇంకొకరు వచ్చి పడేవారు. ఇవాళ ఖాళీలున్నాయని టీవీలో కూడా వేశారు. అయినా ఒక్కరూ రాలేదు. ఏమైంది సార్ జనానికి?"

ఖండనగారికి తను పంపిన ఆ రెండు ముక్కలు చదివి ఎవరెవరు ఏ వాకిళ్ళలో కూలబడ్డారో అనుకునేసరికి సిగ్గుతో తల వంగిపోయింది. వరండాలోకి వెళ్ళి మంత్రిగారికి ఫోన్ చేశారు.

"సార్, ఇక్కడ బెడ్లున్నాయి. వెంటనే మామగారిని తీసుకురండి."

"ఊఁ," అన్నారు మంత్రిగారు. ఆయన వెనక నుంచి ఎవరో తెరలు తెరలుగా దగ్గుతున్నారు.

"నిజంగా ఉన్నాయి సార్! ఎదురుగా కనిపిస్తున్నాయి. మీకే కాదు, ఎంతమంది వచ్చినా చోటుంది!"

మంత్రిగారు బరువుగా నిట్టూర్చారు.

"ఇన్నాళ్ళుగా కలిసి పనిచేస్తున్నాం. కనీసం నాతోనైనా ప్రభుత్వంలా మాట్లాడకయ్యా," అని ఫోన్ పెట్టేశారు.